తిరుగుతుంది గానీ వేడెక్కదు

(స్థలం: టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో. రెండంతస్తుల ఇల్లు, మేడమీద లాండ్రీ గది. కాలం: ఆగస్టు నెల, శుక్రవారం, రాత్రి పది దాటింది. పాత్రలకు పేర్లు పెట్టలేదు. ఆ ఊళ్ళో ఏ వీధిలో దింపినా ఇమిడిపోయే మనుషులకు పేర్లెందుకు? అల్లుడు కంపెనీ సర్వర్లు పడిపోకుండా కాపలా కాసే ఇంజనీరు. అమ్మాయి ఫార్మసిస్టు. మామగారు పల్నాడులో కరెంటాఫీసు ఏడీఈగా రిటైరై, అత్తగారితో కలిసి ఆరు నెలలు ఉండిపోదామని వచ్చారు. నాలుగిళ్ళవతల ఉండే సీనియర్ 1999లో వైటూకే గాలికి అమెరికాలో దిగారు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఫలానాది తనకు తెలియదని ఆయన అనగా విన్నవాళ్ళు లేరు.)

అత్తగారు: బాబూ, ఈ డ్రయ్యరు గంట నుంచి తిరుగుతూనే ఉంది. తువ్వాళ్ళు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి.

అల్లుడు: (ఫోను చూస్తూ) లేదత్తయ్యగారూ, ఆరిపోయాయి. "మీ బట్టలు సిద్ధం" అని యాప్‌లో వచ్చింది.

అత్తగారు: అయితే పొద్దున స్నానం చేశాక ఆ యాప్‌తోనే తుడుచుకోండి.

అమ్మాయి: ఎయిర్ ఫ్లఫ్ మీద పెట్టావేమో చూడు. అందులో వేడి ఉండదు, ఉత్త గాలే.

అల్లుడు: అంత చిన్న విషయం చూసుకోనా?

అమ్మాయి: చూశావా?

అల్లుడు: ఇప్పుడు చూశా. నార్మల్ మీదే ఉంది. ఉండు, ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేస్తే సరి. మా ఆఫీసులో సగం జబ్బులకు అదే మందు.

(మందు వేశారు. డ్రమ్ము మళ్ళీ హుషారుగా తిరిగింది. లోపల చెయ్యి పెట్టి చూస్తే గది ఎంత చల్లగా ఉందో అదీ అంతే చల్లగా ఉంది.)

అత్తగారు: ఈ పనేదో పొద్దున్నే పెట్టుకుంటే ఈపాటికి తెలిసేదిగా. అర్ధరాత్రి బట్టలేమిటి మీకు?

అల్లుడు: మా కరెంటు ప్లానులో రాత్రి తొమ్మిది దాటాక యూనిట్లు ఉచితం అత్తయ్యగారూ.

అత్తగారు: ఉచిత కరెంటా? ఇక్కడ కూడా ఎన్నికలొచ్చాయా?

మామగారు: (లోపలికి వస్తూ) పగటి రేటులో కలుపుకునే ఉంటార్లే. 2004లో మన దగ్గర రైతులకు ఉచితం ఇచ్చినప్పుడు చూశాగా, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని మోటారు వెయ్యడానికి పొలం వెళ్ళేవాళ్ళు. ఇక్కడ లాండ్రీ గదికి వెళ్తున్నారు, అంతే తేడా. సరే, ఏమిటి కంప్లయింటు?

అల్లుడు: తిరుగుతోంది మామయ్యగారూ. వేడెక్కట్లేదు.

మామగారు: ఒక ఫేజు పోయింది.

అల్లుడు: ఇక్కడ ఇళ్ళకు మూడు ఫేజులు అవీ ఉండవండీ.

మామగారు: మూడుండవని తెలుసు. మరి దీని ప్లగ్గుకు నాలుగు కాళ్ళెందుకున్నాయో చెప్పండి.

(అల్లుడు ఆ ప్లగ్గును ఇల్లు కొన్న రోజు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఇప్పుడు చూశాడు. నిజమే, నాలుగున్నాయి.)

మామగారు: వీళ్ళ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీకి నడిమధ్యలోంచి న్యూట్రల్ లాగుతారు. ఈ చివరకూ న్యూట్రల్‌కూ 120 వోల్టులు, ఆ చివరకూ 120. రెండు చివరల మధ్య చూస్తే 240. డ్రమ్ము తిప్పే మోటారుకు ఒక చివర, న్యూట్రల్ చాలు. హీటరుకు అలా కుదరదు, రెండు చివరలూ కావాలి. ఒకటి పోయిందనుకోండి, మోటారు తన పాటికి తాను తిరుగుతుంది, హీటరు చల్లగా కూర్చుంటుంది. నాలుగో కాలు ఎర్తు. 1996కు ముందు కట్టిన ఇళ్ళల్లో మూడు కాళ్ళవే ఉండేవట, ఎర్తూ న్యూట్రలూ కలిపేసి. అదేం తెలివో.

అమ్మాయి: ఇవన్నీ నీకెలా తెలుసు నాన్నా?

మామగారు: వచ్చినప్పట్నుంచీ ఏం చేస్తున్నాననుకున్నావు? వీధి చివర ఆ ఆకుపచ్చ ట్రాన్స్‌ఫార్మరు డబ్బా చుట్టూ తిరిగి వస్తున్నా. తాళం లేకపోతే ఈపాటికి తెరిచి చూసేవాణ్ణే.

(ఈయన వాకింగు వెనక కారణం ఇంట్లోవాళ్ళకు ఆ రోజే తెలిసింది. అందరూ గ్యారేజీలోకి దిగారు. ప్యానెల్ తలుపు తీస్తే 30 ఆంపుల జంట బ్రేకరు ఆన్‌లోనే ఉంది. మామగారు దాన్ని నమ్మలేదు. లోపల ఒక పక్క ట్రిప్ అయినా పైన పిడి పతివ్రతలా కనిపిస్తుందన్నారు. ఆఫ్ దాకా గట్టిగా లాగి, మళ్ళీ ఆన్‌లోకి నెట్టారు. మేడెక్కి ప్లగ్గు తీసి, సాకెట్లో మీటరు పెట్టారు. ఇటు 120. అటు 120. రెంటి మధ్యా నికార్సుగా 240.)

అల్లుడు: అంటే ఫేజు పోలేదన్నమాట.

మామగారు: సప్లై సైడు క్లియర్ అన్నమాట.

(కరెంటాఫీసులో పనిచేసినవాళ్ళు పొరపాటు పడరు. ఒక సైడు క్లియర్ చేస్తారు.)

అల్లుడు: సరే, ఎలిమెంటు ఆర్డరు పెట్టేస్తున్నా. పొద్దున ఏడింటికల్లా గుమ్మంలో ఉంటుంది.

అమ్మాయి: పోయింది ఎలిమెంటేనని చూశావా?

అల్లుడు: వేడెక్కించేది ఎలిమెంటు. వేడెక్కట్లేదు. ఇంకేం చూడాలి?

(శనివారం. పదకొండు గంటలకు బయట 102 డిగ్రీలు. అత్తగారు తడి దుప్పట్లు చేత్తో పట్టుకుని పెరటి తలుపు దగ్గర నిలబడ్డారు.)

అత్తగారు: మన రెంటచింతల ఎండ కాస్తోంది బయట. ఈ కంచె మీద వేస్తే అరగంటలో అప్పడాలవుతాయి.

అల్లుడు: అయ్యో, వద్దండీ! హెచ్‌ఓఏ, అదే ఇళ్ళ యజమానుల సంఘం వాళ్ళు, ఉత్తరం పంపుతారు. వీధిలోంచి బట్టలు కనబడకూడదు.

అత్తగారు: బట్టలు కట్టుకున్న మనుషులు కనబడవచ్చునా?

అమ్మాయి: కాలిఫోర్నియాలో 2015లో చట్టం చేశారమ్మా, ఎవరి పెరట్లో వాళ్ళు తీగ కట్టుకుంటే సంఘంవాళ్ళు అడ్డుపడకూడదని.

అత్తగారు: ఎండకు చట్టం చేసుకున్నారా! బావుంది. బయట పొయ్యి మండుతోంది. ఇంట్లో ఏసీ వేసి చల్లబరుచుకున్నారు. ఆ చల్లగాలినే ఈ పెట్టెలోకి పీల్చి, కరెంటు పెట్టి వేడిచేసి, మళ్ళీ బయటికి ఊదుతున్నారు. నాకు చదువు లేదు గానీ, ఇందులో ఎవరికి లాభం?

(ఎవరూ జవాబు చెప్పలేదు. నా దగ్గరా లేదు. ఈలోగా సీనియర్ వచ్చారు, చేతిలో టూల్‌బాక్సు, ముఖాన నిశ్చింత.)

సీనియర్: నమస్తే అంకుల్, నమస్తే ఆంటీ. తమ్ముడూ, సింప్టమ్ చెప్పు చాలు, చూడక్కర్లేదు.

అల్లుడు: తిరుగుతోంది అన్నా, వేడి లేదు.

సీనియర్: గ్యాస్ వాల్వు కాయిల్స్. మొదట కాస్త వేడెక్కి, తర్వాత మంట రావడం మానేస్తుంది. ఇరవై డాలర్ల పని.

అల్లుడు: మాది గ్యాసుది కాదన్నా, కరెంటుది.

సీనియర్: అదే చెబుతున్నా, కరెంటుదైతే ఎలిమెంటు. నువ్వు ఆర్డరు పెట్టేశావుగా, మంచి పని చేశావు. అయినా నన్నడిగితే దీన్ని తీసి బయటపెట్టు. లేబర్ డే సేల్ వస్తోంది, కొత్తది కొనేయ్. పదేళ్ళు దాటిన మెషీన్ మీద రూపాయి పెట్టకూడదు.

అమ్మాయి: కొని నాలుగేళ్ళయిందండీ.

సీనియర్: ఇప్పటి నాలుగేళ్ళు అప్పటి పదేళ్ళమ్మా. సరే, స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వు.

మామగారు: ఆగండి. ఎల్‌సీ తీసుకున్నారా?

సీనియర్: ఏమిటది అంకుల్, ఎల్‌ఎల్‌సీనా? నాకు రెండున్నాయి.

మామగారు: లైన్ క్లియర్. సబ్‌స్టేషన్‌లో సప్లై తీశామని చెప్పి, బుక్కులో రాసి, నంబరిచ్చాకే లైన్‌మన్ స్తంభమెక్కాలి. పని అయ్యాక, ఎవరి పేర తీసుకున్నారో ఆ మనిషే వచ్చి వాపసు ఇస్తే గానీ సప్లై ఇవ్వకూడదు. అడ్డం తిరిగితే పోయేది ప్రాణం.

అల్లుడు: ప్లగ్గు పీకేశాం కదండీ.

మామగారు: ప్లగ్గు పీకారు, సంతోషం. ఆ సాకెట్టు మాత్రం చార్జులోనే ఉంది, మీరు దాని పక్కనే కూర్చుంటున్నారు. అమ్మాయీ, ఓ నోటుబుక్కు తే.

(నోటుబుక్కు వచ్చింది. ఎల్‌సీ అల్లుడి పేర రాశారు, సంతకం తీసుకున్నారు. గ్యారేజీకి వెళ్ళి బ్రేకరు దింపి, పిడి మీద టేపు వేసి "మనుషులు పనిలో ఉన్నారు" అని తెలుగులో రాశారు. సీనియర్ ఇదంతా చూసి నవ్వుకున్నారు. ఆ నవ్వు ఎన్నాళ్ళుంటుందో చూద్దాం. వెనక ప్లేటు విప్పారు. లోపల దూది పరిచినట్టు బూడిదరంగు నూగు.)

సీనియర్: ఇదిగో ఎలిమెంటు. పాతది పీకు, కొత్తది పెట్టు, పద.

మామగారు: పీకేముందు దాని వైర్లు రెండూ తీసి మీటరు పెట్టండి. దీని మీద ఎన్ని వాట్లని రాశారు?

అల్లుడు: 5,400.

మామగారు: (కళ్ళు మూసుకుని) 240ని 240తో హెచ్చవేసి 5,400తో భాగిస్తే... పది పాయింట్ ఆరు, ఏడు. పది, పదకొండు ఓములు చూపించాలి. ఎంతొచ్చింది?

అల్లుడు: పది పాయింట్ ఎనిమిది.

మామగారు: బాడీకి తగిలించి చూడండి. చూపించట్లేదా? ఎలిమెంటు బంగారం.

(గుమ్మంలో డబ్బాలో ఉన్న కొత్త ఎలిమెంటు వైపు ఎవరూ చూడలేదు.)

సీనియర్: నేను అప్పుడే అనుకున్నా, ఎలిమెంటు కాదని. ఎలిమెంటు డబ్బా మీద ఇదిగో, ఈ బిళ్ళ చూడండి. థర్మల్ కటాఫ్. దీనికి మీటరు పెట్టు తమ్ముడూ.

అల్లుడు: ఓపెన్. అస్సలు కంటిన్యూటీ లేదు.

సీనియర్: చెప్పానా! దీనికి కొత్తది తెప్పించడం కూడా దండగ. రెండు వైర్లూ కలిపి టేపు చుట్టేయ్. ఇవాళే తువ్వాళ్ళు ఆరిపోతాయి.

మామగారు: (ఇప్పటిదాకా కుర్చీలో ఉన్నవారు లేచి) ఏమన్నారు?

సీనియర్: బైపాస్ అంకుల్. ఇక్కడ అందరూ చేస్తారు.

మామగారు: అక్కడా అందరూ చేశారు. డీటీఆర్ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోతే సన్న తీగ కట్టాలి. మళ్ళీ మళ్ళీ పోతోందని ఊళ్ళో ఒక హుషారు మనిషి అల్యూమినియం తీగ మెలేసి కడతాడు. ఇక ఫ్యూజు పోదు. ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. అది కాలి, ఆయిలు కారి, వరి పొట్టకొచ్చే టైముకు ఊరు ఊరంతా ట్రాక్టరెక్కి నా ఆఫీసు ముందు ధర్నా. ఏడీఈ డౌన్ డౌన్. తీగ కట్టినవాడే ముందు వరసలో. ఫ్యూజు పోయిందంటే దొంగ దొరికాడని కాదు బాబూ, కాపలావాడు చచ్చిపోయాడని. కాపలావాణ్ణి ఎవరు చంపారో చూడకుండా వాడి కుర్చీలో ఇనుప బొమ్మను కూర్చోబెడతానంటారేమిటి?

(ఆయన అంత గట్టిగా మాట్లాడగా విని చాలా ఏళ్ళయిందని అత్తగారు తర్వాత చెప్పారు. సీనియర్ టూల్‌బాక్సులో ఏదో వెతకడం మొదలుపెట్టారు.)

అమ్మాయి: ఇది మామూలు ఫ్యూజు కూడా కాదు. ఒకసారి తెగితే మళ్ళీ అతుక్కోదు, మార్చాల్సిందే. లోపల వేడి హద్దు మీరితేనే తెగుతుంది. అంటే వేడి ఎక్కువై ఉండాలి. ఎందుకెక్కువైంది?

అల్లుడు: కొత్తది ఆర్డరు పెట్టా. కటాఫ్, థర్మోస్టాటు జతగా వస్తాయట. రేపటికల్లా వచ్చేస్తుంది.

అమ్మాయి: నేనడిగింది ఎప్పుడొస్తుందని కాదు. నువ్వు నెలకోసారి రాత్రి రెండింటి దాకా కూర్చుని రాస్తావే, ఏమిటది?

అల్లుడు: ఆర్‌సీఏ. రూట్ కాజ్ అనాలిసిస్.

అమ్మాయి: అది ఇంట్లో ఎందుకు రాయవు?

అల్లుడు: ఇంట్లో మేనేజరు అడగడు కదా.

అమ్మాయి: ఇప్పుడు అడుగుతోంది.

(ఇక్కడ కొంతసేపు నిశ్శబ్దం. ఈ ఇంట్లో మేనేజరు ఎవరన్న విషయం మామగారికి ముందే తెలుసు, అల్లుడికే ఆలస్యంగా తెలిసింది. ఈలోగా అత్తగారు నూగు పట్టే జాలీని సింకు దగ్గరకు పట్టుకెళ్ళారు.)

అత్తగారు: అమ్మాయీ, ఇలా రా. ఈ జాలీ మీద నూగంతా తీసేశాను. పైనుంచి నీళ్ళు పోస్తే కిందికి దిగట్లేదేమిటి? చెరువులా నిలబడుతున్నాయి.

అమ్మాయి: డ్రయ్యర్ షీట్లమ్మా. వాసన కోసం వేస్తామే, వాటి మైనం జాలీ కళ్ళకు పూత పూసేస్తుంది. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, గాలి మాత్రం దూరదు. సబ్బునీళ్ళు పోసి మెత్తటి బ్రష్షుతో రుద్దాలి.

అత్తగారు: ఇన్నాళ్ళూ మల్లెపూల వాసనొస్తోందని మురిసిపోయానే!

సీనియర్: అసలు సంగతి అది కాదు. ఇండియా నుంచి కొత్త దుప్పట్లు తెచ్చారుగా ఆంటీ, వాటి నూగే ఇదంతా. ఏటా విజిటర్స్ వచ్చాకే మా ఇంట్లో కూడా డ్రయ్యరు పాడవుతుంది.

అత్తగారు: మేమొచ్చాకే మీ డ్రయ్యర్లు పాడవుతాయా? బెండకాయ పులుసు పట్టుకెళ్ళేటప్పుడు ఈ మాట గుర్తులేదా బాబూ?

(బెండకాయ పులుసు ప్రస్తావన వచ్చాక సీనియర్ దుప్పట్ల వాదన ఉపసంహరించుకున్నారు.)

అమ్మాయి: జాలీ ఒక్కటే కాదనుకుంటా. గాలి బయటికి పోయే గొట్టం ఎక్కడికి వెళ్తుంది?

అల్లుడు: గోడలోకి.

అమ్మాయి: గోడలోంచి?

అల్లుడు: ...బిల్డరుకు తెలుసు.

అమ్మాయి: కప్పు మీదికి. మేడమీద, ఇంటి మధ్యలో గది కట్టి, గొట్టాన్ని అటకలోంచి పైకి తీశారు. ఈ గొట్టం 35 అడుగులు దాటకూడదని కోడు. ఒక్కో లంబకోణపు మలుపుకూ అందులో ఐదడుగులు తగ్గించుకోవాలి. మనకు ఎన్ని మలుపులున్నాయో దేవుడికెరుక. గాలి పైదాకా పోలేకపోతే వేడి ఇక్కడే తిష్ట వేస్తుంది. ముందు బట్టలు ఆలస్యంగా ఆరతాయి. మనం టైము పెంచుతాం. ఆ తర్వాత కటాఫ్ తెగుతుంది.

అల్లుడు: నిజమే, రెండు నెలలుగా రెండోసారి కూడా తిప్పుతున్నాం. ఉచితమే కదా అని...

మామగారు: హాఁ. ఉచిత కరెంటు!

అమ్మాయి: కటాఫ్ కూడా తెగకపోతే ఏమయ్యేదో తెలుసా? ఈ దేశం ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008 నుంచి 2010 దాకా లెక్క తీస్తే, ఇళ్ళల్లో డ్రయ్యర్ల వల్ల ఏడాదికి సుమారు 2,900 అగ్నిప్రమాదాలు తేలాయి. కారణాల్లో మొదటిది, శుభ్రం చెయ్యకపోవడం. నేను గొట్టం శుభ్రం చేసేవాళ్ళను పిలిచా, రేపు వస్తారు.

సీనియర్: అనవసరం అమ్మా. డ్రిల్లుకు తగిలించే బ్రష్షు దొరుకుతుంది, నా దగ్గరుంది.

అల్లుడు: ఎప్పుడైనా వాడావా అన్నా?

సీనియర్: డబ్బా విప్పలేదు. విప్పితే రిటర్న్ తీసుకోరు.

(ఆదివారం గొట్టంవాళ్ళు వచ్చారు, పొడుగాటి కడ్డీలు దూర్చారు, పోయారు. గొట్టంలోంచి తీసిన నూగు సంచుల్లో నింపారు. అసలు ముడి కప్పు మీద ఉంది. పిట్టలు దూరకుండా ఎవరో మూతకు లోపల తీగజాలీ బిగించారు. డ్రయ్యరు గొట్టం కొసకు జాలీ ఉండకూడదని కోడు చెబుతుంది, ఎందుకో ఆ జాలీని చూస్తే తెలుస్తుంది. నాలుగేళ్ళ నూగు దానికి అంటుకుని అట్ట కట్టేసింది. పిట్టలు నిజంగానే దూరలేదు. గాలీ దూరలేదు. వెనక ఉన్న రేకు కాగితంలాంటి ముడతల గొట్టాన్ని కూడా తీసి గట్టి లోహపు గొట్టం వేశారు. అదే రోజు కటాఫూ వచ్చింది. అల్లుడు వైర్లు తగిలించి, ప్లేటు బిగించి, ప్లగ్గు పెట్టేంతలో ఆఫీసు నుంచి ఫోను. ఎక్కడో సర్వరు పడిపోయింది. లాప్‌టాప్ పట్టుకుని గదిలో తలుపేసుకున్నాడు.)

అమ్మాయి: (బటన్ నొక్కి) ఇదేమిటి, అసలు తిరగను కూడా తిరగట్లేదు!

సీనియర్: మోటారు పోయింది. పాపం, ఒకదాని వెంట ఒకటి. అందుకే మొదట్లోనే చెప్పా, లేబర్ డే.

అత్తగారు: నిన్నటిదాకా తిరిగేది, వేడెక్కేది కాదు. రిపేరు చేశాక అదీ లేదు. ఇంతమంది ఇంజనీర్లు!

సీనియర్: తలుపు స్విచ్చి కూడా అయ్యుండొచ్చు. లేదా బెల్టు. లేదా కంట్రోలు బోర్డు. నాకెందుకో బోర్డనిపిస్తోంది.

అమ్మాయి: నాన్నేరీ?

(మామగారు గ్యారేజీలో ఉన్నారు. మడత కుర్చీ, పక్కన మజ్జిగ గ్లాసు, ఒళ్ళో నోటుబుక్కు, తల వెనక టేపు వేసిన బ్రేకరు. అందరూ దిగి వచ్చారు.)

అమ్మాయి: నాన్నా! బ్రేకరు వెయ్యలేదా?

మామగారు: ఎలా వేస్తాను? ఎల్‌సీ వాపసు రాలేదు.

అమ్మాయి: పని అయిపోయింది నాన్నా, నేను చెబుతున్నాగా.

మామగారు: ఎల్‌సీ నీ పేర లేదమ్మా.

సీనియర్: అంకుల్, నేను హామీ. అంతా చూశాను.

మామగారు: మీరు బైపాస్ చెయ్యమన్న మనిషి. మీ హామీ మీద నేను దీపం కూడా వెలిగించను.

(అమ్మాయి పైకి పరుగెత్తింది. కాసేపటికి అల్లుడు హెడ్‌ఫోను మెడలో వేసుకుని, లాప్‌టాప్ తెరిచి పట్టుకునే మెట్లు దిగాడు. అవతల పది మంది ఏదో అరుస్తున్నారు.)

అల్లుడు: మామయ్యగారూ, ఒక్క నిమిషం మ్యూట్‌లో పెట్టి వచ్చా. అక్కడ ప్రొడక్షన్ డౌన్. మనం ఇంట్లోవాళ్ళమే కదా, నోటితో చెప్తున్నా, అయిపోయింది.

మామగారు: నోటిమాట రికార్డుకు ఎక్కదు అల్లుడుగారూ. ఇదిగో, "పని పూర్తయినది, మనుషులు, సామాన్లు తొలగించబడినవి" అని రాసి ఉంచాను. దాని కింద పెట్టండి సంతకం.

అల్లుడు: (సంతకం పెట్టి) సరేనా?

మామగారు: టైము కూడా వెయ్యండి. ఇండియా టైము కాదు, ఇక్కడిది.